మల్లికార్జున్‌కు నచ్చని మిషన్

మల్లికార్జున్ తన జీవితంలో తొందరపడి చేసిన పని ఒక్కటే, చనిపోవడం. మిగతావన్నీ ఆలోచించి, ఆగి, వెనక్కి తిరిగి, మరో చోట అడిగి, పొద్దుగూకేదాకా చూసి, ఎక్కువసార్లు మర్నాటికి వాయిదా వేసి చేసినవే. గిర్మాజీపేటలో వాళ్లింటికి ఫ్రిజ్ వచ్చేనాటికి పక్కింటివాళ్లు తమ ఫ్రిజ్‌ను పాత సామాను వాడికి అమ్మేశారు. కూలర్ ఎంపిక ప్రతి ఏడూ హోలీకి మొదలై, తొలకరి పడగానే ‘ఇగ వచ్చే ఎండకాలం చూద్దాం’ అన్న తీర్మానంతో ముగిసేది. ఒక్కగానొక్క కూతురు అక్షర, తనతో పాటు చదివిన నిఖిల్‌ను ఇంటికి తీసుకొచ్చి పెళ్లి చేసుకుంటానని చెప్పిన రోజున అతను కులం అడగలేదు, జీతం అడగలేదు.

“ఇంకో ఇద్దరు ముగ్గుర్ని చూసినవా బిడ్డా?” అని అడిగాడు.

అక్షర ఏడుస్తూ లోపలికి పోయింది. భార్య అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. ఏడవడానికి కాదు.

అతను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఖరీదుదారు. రైతు తెచ్చిన బస్తాల మధ్య తిరగాలి. పిడికెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి తేమ ఎంతో చెప్పాలి. తొడిమ విరిచి వాసన చూడాలి. మొహం చిట్లించాలి. అప్పుడు బస్తా కొనాలి. పొద్దున ఆ రోజు ధర తేల్చే వేలం, జెండా పాట, అయిపోగానే మిగతా ఖరీదుదారులు బస్తాల మీద పడితే, ఇతను షెడ్డు కింద చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ‘ఎండ నెత్తి మీదికి రానీ’ అనేవాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి మేలిమి సరుకు లారీలెక్కి పోయి ఉండేది. మిగిలిన దాంట్లోంచి మంచి బస్తాను పట్టడమే అసలు పనితనమని అతని సిద్ధాంతం. సిద్ధాంతం గొప్పదే. దాన్ని నమ్మనివాళ్లే ఆ మార్కెట్‌లో రెండంతస్తుల ఇళ్లు కట్టుకున్నారు.

మోకాళ్లు మొరాయించాక, దుకాణాన్ని భాగస్వామి సుదర్శన్‌కు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడని లోకం అనుకుంది. ఏం కూర్చోవడం అది! కూరగాయల బండి గల్లీలోకి వస్తే చాలు, వంకాయను చెవి దగ్గర ఆడించేవాడు. ఏం వినబడేదో అతనికే తెలియాలి. బండివాడు కొన్నాళ్లు ఓపిక పట్టి, తర్వాత ఆ గల్లీకి రావడమే మానేశాడు.

అలాంటి రోజుల్లో మార్కెట్ దోస్తులంతా కలిసి అరకు పోతూ ఇతన్నీ తీసుకుపోయారు. అక్కడ కొండ మీద ఒకాయన, అందరూ చూస్తుండగా పచ్చి కాఫీ గింజలు వేయించి, దంచి, కాచి ఇచ్చాడట. ముప్పై ఏళ్లు మిర్చి ఘాటు పీల్చిన ముక్కు అతనిది. మల్లెపూలకూ ఫినాయిల్‌కూ తేడా చెప్పడం ఎప్పుడో మానేసింది. ఆ గింజలు వేగుతున్నప్పుడు మాత్రం ఆ ముక్కు లేచి కూర్చుంది. మల్లికార్జున్ మూడుసార్లు తాగి, ఏమీ బాగాలేదని చెప్పి, తిరిగి వచ్చేటప్పుడు బస్తా పచ్చి గింజలు తెచ్చాడు.

ఆటోలోంచి బస్తా దించుతుంటే అనసూయ గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏందిది?”

“కాఫీ గింజలు.”

“గిట్ల తెల్లగున్నయేంది?”

“పచ్చియి. గోలిచ్చినంక తూకం తగ్గుతది. ఆ తగ్గిన తూకానికి సుత మనమే పైసలు కట్టాల్నా? పచ్చియి కొని మనమే గోలిచ్చుకుంటే సగానికి సగం మిగులు.”

“కిలో తెచ్చుకోరాదా మరి?”

మల్లికార్జున్ ఆమె వైపు జాలిగా చూశాడు. “కిలో లెక్కన కొనేటోన్ని గిరాకి అంటరు. నేను జీవితంల కిలో కొన్నననుకుంటానవా?”

“సరే. ఇంట్ల కాఫీ తాగేటోల్లెవరు?”

ఆ ప్రశ్న అతనికి అరకులో తట్టలేదు, రైల్లో తట్టలేదు, ఆటోలోనూ తట్టలేదు. ఇంట్లో ఇద్దరూ చాయ్ మనుషులే. కాఫీ అన్నది పెళ్లిళ్లలో, అదీ చాయ్ అయిపోయినప్పుడు తాగేది. అయినా వ్యాపారం తెలిసినవాడు గనుక జవాబు చెప్పకుండా బస్తాను బియ్యం డ్రమ్ము పక్కన నిలబెట్టించాడు.

మర్నాడు అనసూయ మూకుట్లో గింజలు వేయించింది. పల్లీలు వేయించిన చేయి, నువ్వులు వేయించిన చేయి, చేపల పులుసు తప్ప అన్నీ మాడకుండా వండిన చేయి. కాఫీ గింజలు ఆ చేతికి లొంగలేదు. పైన బొగ్గయ్యాయి, కొరికితే లోపల పచ్చిగానే ఉన్నాయి. ఇల్లంతా పొగ కమ్మింది. మిక్సీలో వేసి, డికాక్షన్ దించి, ఇద్దరూ చెరో గుక్క తాగారు.

“కాలిన బీడీలు నానబెట్టినట్టున్నది,” అంది అనసూయ.

“తప్పు గింజది కాదు, మూకుడుది. అంతట సమానంగ వేగాలె. దీనికి మిషిన్ ఉంటది.”

ఆ మాట అన్ననాటి నుంచి ఏడాదిన్నర పాటు ఆ ఇంట్లో మూడో మనిషి కాపురం ఉన్నట్టయింది. పొద్దున లేస్తే ఫోన్‌లో మిషన్. అన్నం తింటుంటే మిషన్. ఇంటి వాడకానికి కాఫీ గింజలు వేయించే యంత్రాలు లోకంలో ఇన్ని ఉన్నాయని అనసూయకు అంతవరకు తెలియదు. తెలియకపోవడం ఎంత సుఖమో కూడా తెలియదు. వేడిగాలి ఊదే రకం ఉంది. డ్రమ్ము తిరిగే రకం ఉంది. కరెంటుది, గ్యాసుది, అద్దం ఉన్నది, అద్దం లేనిది, పొగను తనే మింగేది, పొగను ఇంటివాళ్లకు వదిలేది. గుప్పెడు గింజలు పట్టేది, రెండు గుప్పెళ్లు పట్టేది. అంతకు మించి పట్టేది ఇంట్లో పెడితే మనుషులు బయట ఉండాలి.

“గుప్పెడు గుప్పెడు గోలిస్తే బస్తా ఎప్పుడు ఒడుస్తది?” అని అతని బాధ.

సుదర్శన్ చూడడానికి వచ్చినప్పుడల్లా ఒక ఉపాయం ఇచ్చేవాడు. “అన్నా, చౌరస్తా కాడ మక్కప్యాలాలు ఏంచుతరు చూడు, ఆ మిషిన్ అడుగుదామా?” అన్నాడు ఒకసారి. మరోసారి, పల్లీలు వేయించే పెద్ద డ్రమ్ము ఎక్కడో అమ్మకానికి ఉందన్నాడు. మల్లికార్జున్ రెండూ వెళ్లి చూసొచ్చాడు. కొనడానికి కాదు, చూడకుండా వద్దనడం అన్యాయమని.

అక్షర హనుమకొండలో కాలేజీ లెక్చరర్. తండ్రి బాధ చూడలేకో, తల్లి బాధ చూడలేకో, ఒక మిషన్ ఆర్డర్ పెట్టి పుట్టినరోజు కానుకగా పంపింది. మల్లికార్జున్ డబ్బా విప్పలేదు. చుట్టూ తిరిగి చూసి, వేలితో తట్టి, వెనక్కి పంపించాడు.

“ఏమైంది డాడీ? మంచిగ లేదా?”

“మంచిగున్నదో లేదో విప్పితే గదా తెల్సేది.”

“మరి విప్పకుంట ఎందుకు పంపినవు?”

“బేరం చెయ్యకుంట ఇంట్లకు వచ్చిన వస్తువు ఎన్నటికన్న పరాయిదే బిడ్డా.”

చివరికి బరిలో రెండు మిగిలాయి. ఒకటి బెంగళూరుది. కరెంటుతో నడిచేది, నిలువు గాజు గొట్టంలో గింజలు వేడిగాలికి ఎగురుతూ రంగు మారడం కంటికి కనిపిస్తుంది. మీటలు, లైట్లు, పని అయిపోగానే కూత. రెండోది కోయంబత్తూరుది. గ్యాసు పొయ్యి మీద పెట్టి చేత్తో తిప్పే స్టీలు డ్రమ్ము. లోపల ఏం జరుగుతోందో కనబడదు, గింజలు చిట్లే చప్పుడు విని మనమే దించుకోవాలి. రోజూ దీపాలు పెట్టే వేళకు, మల్లికార్జున్ వరండాలో కుర్చీ వేసుకొని ఒకరోజు బెంగళూరుకు, ఒకరోజు కోయంబత్తూరుకు ఫోన్ చేసేవాడు. అనసూయ వంటింట్లో ఉండేది. కుక్కర్ కూతల మధ్య అతని గొంతు లేవడం, పడడం వినబడేది గాని ఏ మిషన్‌ను ఏమంటున్నాడో ఆమె ఏనాడూ చెవిన పెట్టలేదు. రెండు ఫోన్లూ ఒకే మాటతో ముగిసేవి. ‘ఎల్లుండి చెప్త.’

అలాంటి ఒక ఎల్లుండి పొద్దున అతనికి గుండెల్లో పట్టేసింది. సుదర్శన్ కారు తెచ్చాడు. దారి పొడవునా చెమటలు కక్కుతూనే, “గా దవాఖాన వద్దు, ఇంకో దాంట్ల సుత అడుగుండ్రి,” అంటూ ఉన్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడా అడగవలసిన పని లేకుండా పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, శ్మశానంలో విస్తరి వేసి పెడితే, కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ కోరిక మేము తీరుస్తామని మాటివ్వాలి. తొర్రూరు నుంచి వచ్చిన మల్లికార్జున్ చెల్లెలు వినోద ఈ పద్ధతులన్నీ తెలిసిన మనిషి. తెలియనివాళ్లకు చెప్పకుండా ఉండలేని మనిషి కూడా.

పప్పన్నం, గారెలు, పెరుగన్నం, మిరపకాయ బజ్జీలు, గాజు గ్లాసులో చాయ్, జర్దా పాన్ పెట్టారు. సుదర్శన్ అటూ ఇటూ చూసి, జేబులోంచి చిన్న సీసా తీసి, ప్లాస్టిక్ గ్లాసులో కాస్త ఒంపాడు.

“ఏమనుకోకు వదినా. అన్న అప్పుడప్పుడు...”

“అప్పుడప్పుడు కాదు, శనివారం శనివారం. కానీయ్,” అంది అనసూయ.

వినోద రెండు చెవులూ మూసుకుంది. తర్వాత, విస్తరికి ఆ గ్లాసు ఏ వైపు పెట్టాలో సర్ది చెప్పింది.

అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకి త్వరగానే వచ్చింది. గోడ మీద వాలింది. కిందికి దూకింది. విస్తరి చుట్టూ నడిచింది. గారెను ఒక కంటితో చూసి, తల తిప్పి రెండో కంటితో చూసింది. అన్నం దాకా ముక్కు తెచ్చి వెనక్కి తీసుకుంది. తర్వాత, కొంచెం అవతల ఇంకో కుటుంబం వాళ్లు తమ పెద్దాయనకు పెట్టుకున్న విస్తరి దగ్గరికి పోయి, దాన్నీ సాంతం చూసి, తిరిగి వచ్చి గోడ మీద కూర్చుంది.

చుట్టాలంతా కళ్లు ఒత్తుకుంటున్నారు. అనసూయ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనిషి పోయాడనే నమ్మకం మూడు రోజులుగా కుదరలేదు ఆమెకు. ఇప్పుడు ఆ కాకిని చూశాక ఇంకా కుదరలేదు.

“అన్నా, ఇంటిని మంచిగ చూసుకుంటమే, రా,” అంది వినోద. కాకి రెక్క దువ్వుకుంది.

“అన్నా, దుకాణం పేరు మార్చ,” అన్నాడు సుదర్శన్. కాకి వీపు తిప్పింది.

“డాడీ, అమ్మను నేను చూసుకుంట,” అని అక్షర వెక్కింది. కాకి మళ్లీ పక్క విస్తరి వైపు చూసింది.

ఎండ ముదిరింది. అన్నం మీద ఈగలు మూగాయి. ఇదేమీ తేలేలా లేదని, అనసూయ చెప్పులు విప్పి నాలుగడుగులు ముందుకు వేసింది.

“సాలుతియ్, దిగు. మిషిన్ కొంట. నువ్వు ఏది పసందు జేసుకున్నవో అదే కొంట. మాసికం నాటికి గింజలు గోలిచ్చి నీ ముందల కాఫీ పెడత. ఇంతమంది ముందల చెప్తాన. ఇగ రా.”

కాకి దిగింది. నేరుగా వచ్చి మిరపకాయ బజ్జీ ముక్కున కరుచుకొని లేచిపోయింది.

“ముట్టింది! ముట్టింది!” అని వినోద చేతులు జోడించింది. ఆ చేతులు దించకముందే, “వదినా, మాటిచ్చినవ్. అన్న పసందు జేసుకున్నదే కొనాలె. వేరేది కొంటే పెట్టినట్టు కాదు,” అంది.

ఆ సంగతి అనసూయకు ఇంటికి వచ్చి స్నానం చేస్తుండగా తగిలింది. ‘ఒక మిషన్ కొంటా’ అంటే పోయేది. ‘నువ్వు పసందు చేసుకున్నది’ అని ఎందుకు అనాలి? అతను ఏది పసందు చేసుకున్నాడు?

అక్షర తేలిగ్గా తీసుకుంది. “ఏదో ఒకటి తెప్పిద్దాం అమ్మా. వినోద అత్తమ్మకేం తెలుస్తది?”

“ఆమెకు తెల్వది. నాకు తెలుస్తది గదా.”

ఆ రాత్రి పడుకొని ఆలోచిస్తే భయమేసింది. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసింది. అతనికి ఇష్టమైన కూర ఏదని అడిగితే ఏం చెప్పాలి? ఇది బాగుందని అతని నోటి వెంట వచ్చిన కూర లేదు. చీర లేదు, సినిమా లేదు, ఊరు లేదు. మూడో రోజు విస్తరిలో పెట్టినవన్నీ అతనికి ఇష్టమని ఎవరు చెప్పారు? అతను తినేవాడు గనుక ఇష్టమని అనుకున్నారు. పెట్టినవన్నీ తినేవాడు. వంకలు పెట్టుకుంటూ తినేవాడు. కాకి ముట్టడం పెద్ద విషయం కాదు, దానికి ఆకలేసి ఉంటుంది. కానీ ఒక మనిషితో ఇన్నేళ్లుండి, అతనికి రెండు వస్తువుల్లో ఏది నచ్చిందో చెప్పలేకపోతే, తను ఎవరితో ఉన్నట్టు?

మర్నాటి నుంచి విచారణ మొదలుపెట్టింది. మల్లికార్జున్ ఫోన్‌కు తాళం లేదు, ఏ నంబరు పెట్టాలో అతను ఇంకా తేల్చుకోలేదు. బెంగళూరుకు చేసింది. అక్కడి కుర్రాడు అనంతపురం వైపు వాడు, వార్త విని చాలా బాధపడ్డాడు.

“సార్ మా మిషన్ని ఎంత మెచ్చుకునేవారో ఆంటీ! అద్దం బ్రహ్మాండం అన్నారు. ఇంత తెలివైన మిషన్ నేను చూడలేదన్నారు. ఎల్లుండి ఫైనల్ చేస్తానన్నారు.”

అల్లుడు నిఖిల్‌కూ అదే గుర్తు. “మామయ్య నాకు వీడియో చూపించిండు అత్తయ్యా. ‘ఏం చేసిండ్రయ్యా’ అని మెచ్చుకున్నడు,” అన్నాడు. అక్షర కూడా అవునంది. వినోదను ఫోన్‌లో అడిగితే, ఆమె మిషన్ల మొహం చూడకుండానే, “రెండిట్ల ఏది పిరమో అదే మా అన్నది,” అని తేల్చేసింది. ధర ఎక్కువైనదీ బెంగళూరుదే. ఇంతమంది సాక్ష్యం చెప్పాక ఇక అనుమానం ఏముంది? అక్షర సోఫాలో కూర్చొని ఫోన్‌లో ఆర్డర్ పెట్టబోతుండగా సుదర్శన్ వచ్చాడు.

“ఏం తెప్పిస్తాండ్రు?”

“మిషిన్,” అంది అనసూయ. “తెలిసిపోయింది సుదర్శన్. బెంగళూరుది. మీ అన్న దాన్ని ఎంత మెచ్చుకున్నడో అందరు చెప్తాండ్రు.”

సుదర్శన్ కూర్చోబోయినవాడు ఆగిపోయాడు. “మెచ్చుకున్నడా?”

“ఆ.”

“అయితే అది కాదు వదినా.”

“ఏందయ్యా నువ్వనేది?”

“ఇన్నేండ్లు పక్కన నిలబడ్డ, నాకు తెల్వదా? మార్కెట్ల అన్న ఏ రైతు కాడికన్న పోయి ‘అబ్బ, ఏం కాయ తెచ్చినవయ్యా’ అన్నడంటే, ఆ రైతు ఇంకో ఖరీదుదారును ఎతుక్కోవాల్సిందే. అన్న కొనడు. కొనేదుంటే మెచ్చుకుంటడా ఎవడన్న? రేటు పెరగదూ? కొనాల్ననుకున్న సరుకునే తిడతడు. ‘ఇది మిర్చా, ఎండబెట్టిన బెండకాయలా? తూకానికి తడిపి తెచ్చినవా, తడిసినయి తెచ్చినవా?’ అని ఎంత తిడితే కొనుడు అంత పక్కా. ఒక్కపారి నర్సంపేట దిక్కు ముసలాయన చపాట మిర్చి తెచ్చిండు. ఎర్రగ, నిగనిగ, పండ్ల లెక్క. అన్న చూసిండు, ఇగ షురూ. అన్న తిట్టిన తిట్లకు, ముసలాయనెంబడి వచ్చిన ముసలమ్మ కండ్లల్ల నీళ్లు. నేనే అన్నను గుంజుకొచ్చిన. మల్ల పోయి తిట్టిండు. ఆఖరికి ఒక్క కాయ మిగలకుంట తూకం ఏయించిండు.”

అక్షర ఫోన్ పక్కన పెట్టింది. అనసూయ గోడకు చేరగిలబడింది. ఆమె వింటున్నది మిర్చి సంగతే అయినా, మనసు మాత్రం ఇన్నేళ్లుగా అతను వంకలు పెట్టుకుంటూ తిన్న కూరల దగ్గరికి పోయింది.

తర్వాత లేచి, వరండాలోకి పోయి, మల్లికార్జున్ కుర్చీలో కూర్చొని కోయంబత్తూరుకు ఫోన్ చేసింది. అక్కడ మిషన్లు చేసే ఆయనకు ఒకప్పటి రైల్వే పనిలో నేర్చిన తెలుగు కొంత వచ్చు. వార్త విని ‘అయ్యయ్యో’ అన్నాడు.

“ఒక్క మాట అడుగుత, దాచకుంట చెప్పాలె,” అంది అనసూయ. “మా ఆయన మీ మిషిన్ గురించి ఏమన్నడు?”

“అమ్మా... సార్ పెద్దవారు. ఇప్పుడు ఎందుకమ్మా అవన్నీ.”

“చెప్పుండ్రి.”

“మంచిగానే...”

“మంచిగ అన్నడా?” ఆమె గొంతు దిగిపోయింది.

అటువైపు ఆయనకు ఏం అర్థమైందో ఏమో, నిజం చెప్పేశాడు. “లేదమ్మా. డబ్బా అన్నారు. హ్యాండిల్ చూసి, ఇది దోమల బ్యాటా అన్నారు. లోపల గింజలు కనబడవు, ఇది మిషనా సమాధా అన్నారు. మా నాన్నగారు తయారుచేసిన డిజైన్ సార్ అన్నాను. అందుకే అట్లా ఏడ్చింది అన్నారు.”

“ఇంకా?” అంది అనసూయ. కళ్ల నుంచి ధార కారుతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“ఇంకా చాలా ఉందమ్మా. నెలల తరబడి తిట్టారు కదా. నాకు కోపం లేదు. ఫోన్ రాని రోజు మా ఇంట్లో అడిగేవారు, వరంగల్ సార్ ఇవాళ తిట్టలేదా అని. ఒకరోజు, చప్పుడు విని గింజ దించాలి అని చెప్పాను. తిట్టడం ఆపేశారు. మళ్లీ అడిగారు, నిజంగా చెవితోనేనా అని. అవును సార్ అన్నాను. ఆ రోజు అన్ని రోజుల కంటే ఎక్కువ తిట్టారు.”

అనసూయ మిషన్ పంపమని చెప్పింది.

మాసికం నాటికి అది వచ్చింది. డబ్బా విప్పితే నిజంగానే డబ్బాలా ఉంది. వంట పూర్తయ్యాక, పటం ముందు దీపం వెలిగించి, అనసూయ గుప్పెడు గింజలు డ్రమ్ములో పోసి పొయ్యి మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. వినోద కుర్చీ తెచ్చుకొని, తప్పు జరిగితే చెప్పడానికి వీలుగా ఎదురుగా కూర్చుంది. మొదట ఏమీ లేదు. తర్వాత ఎండుగడ్డి వాసన. ఆ తర్వాత పొగ. పొట్టు గాలికి లేచి పక్కనున్న పులిహోర మీద వాలింది. చాలాసేపటికి లోపల చిటపటమని మొదలైంది. అనసూయ డ్రమ్ము మీదికి చెవి వంచి, ఊపిరి బిగబట్టి విని, ఎప్పుడనిపిస్తే అప్పుడు దించేసింది. మిక్సీ పట్టి, డికాక్షన్ దించి, పాలు కలిపి, మొదటి గ్లాసు పటం ముందు పెట్టింది. తలా కాస్త పోసి, తనూ తాగింది.

గింజలు సమానంగానే వేగాయి. కానీ ఏడాదిన్నర గోనెలో నిలవున్న గింజలు. కాఫీలో కాఫీతో పాటు గోనె కూడా ఉంది.

“ఎట్లున్నదమ్మా?” అంది అక్షర.

అనసూయ గ్లాసు కింద పెట్టి, పటం వైపు తిరిగింది.

“ఇదా నువ్వు చూసి చూసి పట్టిన మిషిను? చెయ్యి గుంజుతాంది. హ్యాండిల్ కాలుతాంది. పొట్టు పోయి పులిహోరల పడ్డది. లోకంల ఇంకోటి దొరకలేదా నీకు? ఏడాదిన్నర చూసినవ్, గింజలు గోనె వాసనకొచ్చినయి. పొద్దుగాల తెచ్చినదానికి పొద్దూకి ముహూర్తం నీకు. మాటంటే ఇనవు. చీర తెస్తే అంచు ఊడిపోతది. ఒక్కనాడు కూర మంచిగున్నదని నోట్లెకెల్లి రాలె. దవాఖానకు జల్ది పోదామంటే ఇంకోటి అడుగుమంటివి. ఏం మనిషివయ్యా నువ్వు? ఓరుగల్లంత తిరిగినా నీ అంత పనికిరానోడు దొరుకుతడా?”

వినోద గుండె మీద చెయ్యి వేసుకుంది. “మాసికం నాడు పోయినోన్ని గిట్ల తిడతరా వదినా? సుదర్శనన్నా, జర నువ్వన్న చెప్పు!”

సుదర్శన్ తల ఎత్తలేదు. నేల మీది పొట్టును చూస్తూ, చీపురు ఎక్కడుందని అక్షరను అడిగాడు.

అనసూయ ఇంకో గుప్పెడు గింజలు డ్రమ్ములో పోసి, మూత బిగించి, హ్యాండిల్‌కు కొంగు చుట్టి తిప్పసాగింది. తిట్టడం ఆపలేదు. లోపల గింజలు చిట్లడం మొదలయ్యాక, ఆ చప్పుడులో తన మాట కలిసిపోకుండా గొంతు ఇంకాస్త పెంచింది.